పొడి ఇసుక నేలలో ఊదారంగు మీసాల చిన్న గడ్డి: ఇది ఏ జాతి?

ఇసుకబాట

అందరికీ నమస్కారం. పదిహేను రోజులుగా ఒక చిన్న గడ్డి నన్ను తికమక పెడుతోంది. వానలు వెనకపట్టి పైపొర పూర్తిగా ఆరిపోయిన ఇసుక నేలలో, వేరే మొక్కలు పెద్దగా నిలవని చోట, ఇది ఇక్కడొకటి అక్కడొకటిగా కనిపిస్తోంది. ఎత్తు జానెడుకు మించదు. కాండం మొదట నేల మీదికి కాస్త వాలి, కణుపు దగ్గర మోకాలు మడిచినట్లు వంగి, ఆ పైన నిటారుగా లేస్తుంది. కొసన ఒకే ఒక కంకి ఉంటుంది. కంకి చుట్టూ సన్నని ఊదారంగు మీసాలు నాలుగు వైపులకూ విచ్చుకుని ఉండడం వల్ల అది సీసాలు కడిగే బ్రష్షులా కనిపిస్తుంది. ఎండ వాలిన వేళ వెలుగుకు ఎదురుగా నిలబడితే ఈ గడ్డి మొత్తం మెరుస్తుంది. మధ్యాహ్నం అదే దారిలో నడిస్తే కాలి కింద పడినా తెలియదు.

ఇది అరిస్టిడా ప్రజాతికి, అంటే ఆ పేరున్న దగ్గరి జాతుల గుంపుకు, చెందినదేమోనని నా అనుమానం. నేల పొడిది, మొక్క చిన్నది, మీసాలు పొడవైనవి కాబట్టి ముందు ఆ పేరే తట్టింది. అయితే ఆకులు ఆ పేరుకు ఒప్పుకోవడం లేదు. అరిస్టిడా ఆకులు దారాల్లా సన్నగా, లోపలికి చుట్టుకుని ఉంటాయి కదా. ఈ మొక్క ఆకులు పొట్టిగా, బల్లెం మొనలా, అడుగున వెడల్పుగా ఉన్నాయి. మూడు ఫొటోలు జత చేశాను. మొదటి దానిలో మొక్క మొత్తం, రెండవ దానిలో కంకి, మూడవ దానిలో ఆకు ఉన్నాయి. ఇది ఈ నేలకు సహజమైన స్వదేశీ గడ్డో, ఎక్కడి నుంచో వచ్చి చేరినదో కూడా తెలుసుకోవాలని ఉంది.

గరికపోచ

ఇసుకబాట గారూ, రెండవ ఫొటో చూడగానే నాకు కొర్ర వర్గపు అడవి గడ్డి, అంటే సెటేరియా, గుర్తుకు వచ్చింది. గుండ్రటి కంకి, చుట్టూ పొడుచుకు వచ్చిన పోగులు, ఒక్కోసారి వాటికి ఊదా ఛాయ, ఇవన్నీ సెటేరియాలోనూ కనిపిస్తాయి. పొడి నేలల్లో, దారుల పక్కన అది మామూలుగా పెరిగేదే. ఆకు మాత్రం నన్నూ ఇబ్బంది పెడుతోంది. సెటేరియా ఆకు ఇంతకంటే చాలా పొడవుగా సాగుతుంది. నేల మరీ నిస్సారమైనది కావడం వల్ల మొక్క గిడసబారి ఆకు పొట్టిదై ఉంటుందా అన్నది నా సందేహం. గడ్డిజాతుల్లో సారం లేని చోట ప్రతి భాగమూ కుదించుకుపోవడం మనం చూస్తూనే ఉంటాం.

కొలబద్ద

ఫొటోలు అందంగా ఉన్నాయి గాని వాటిలో ఒక్కదానిలోనూ కొలత లేదు. జానెడు అంటే ఎవరి జానెడు? గడ్డిని గుర్తించడంలో మిల్లీమీటరు తేడాకు ప్రజాతులే మారిపోతాయి కాబట్టి, దయచేసి ఒక మొక్కను గళ్ల కాగితం మీద పరిచి మళ్లీ ఫొటో తీయండి. ఆకు పొడవు, ఆకు అత్యధిక వెడల్పు, కంకి పొడవు, ఒక చిరుకంకి (కంకిలో గింజ ఉండే ఒక్కో చిన్న భాగం) పొడవు, దాని మీసం పొడవు విడివిడిగా కావాలి. మీసాన్ని కలిపి కొలిచారో విడిచి కొలిచారో కూడా రాయండి. ఈ ఒక్క మాట రాయకపోవడం వల్ల రోజుల తరబడి సాగిన వాదనలు నేను చూశాను.

నేల గిడసబార్చిందన్న గరికపోచ గారి ఊహ మీద ఒక మాట. గిడసబారిన మొక్కలో ఆకు పొడవు తగ్గుతుంది, వెడల్పు కూడా తగ్గుతుంది. ఇక్కడ ఆకు పొట్టిగా ఉంటూనే వెడల్పుగా ఉంది. ఇది ఆకలి చేసిన మార్పు కాదు, ఆ మొక్క ఆకారమే అదని నా అభిప్రాయం.

చేతిలెన్సు

కొలతలు వచ్చేలోపు, ఫొటోలో ఎప్పటికీ తెలియని ఒక విషయాన్ని ముందు తేల్చుకోవాలి. కంకి నిండా మీసాలున్నాయి అని మనమందరం అంటున్నాం గాని, ఆ మీసం దేనికి మొలిచింది అన్నది ఎవరూ అడగలేదు. గడ్డికంకిలో పొడుగ్గా, సన్నగా బయటికి కనిపించే పోగు మూడు నాలుగు వేరు వేరు చోట్ల నుంచి పుట్టవచ్చు. దూరం నుంచి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పుట్టిన చోటు తెలిస్తేనే పేరు తెలుస్తుంది.

సెటేరియాలో కనిపించేవి అసలు మీసాలే కావు. అవి చిరుకంకి కింద ఉండే గొడ్డు కొమ్మలు. గింజతో పాటు చిరుకంకి రాలిపోయినా ఆ పోగులు కంకి కాడకే అంటిపెట్టుకుని మిగిలిపోతాయి. సజ్జ వర్గంలో కూడా అలాంటి పోగులే ఉంటాయి గాని అక్కడ అవి చిరుకంకితో పాటే ఊడి పడతాయి. అరిస్టిడాలో మీసం లెమ్మా కొస నుంచి వస్తుంది. లెమ్మా అంటే గింజను నేరుగా చుట్టుకుని ఉండే రేకు. ఆ ఒక్క రేకు కొస మూడు పాయలుగా చీలి మూడు మీసాలవుతుంది. గింజ ముదిరినప్పుడు మూడు మీసాలున్న ఆ పుష్పకం, అంటే గింజతో కూడిన చిన్న పువ్వు, మాత్రమే, అడుగున సూది లాంటి మొనతో, జారిపోతుంది. దాని కింద ఎదురెదురుగా ఉండే రెండు ఖాళీ పొట్టు రేకులు, అంటే గ్లూమ్‌లు, మొక్క మీదే నిలిచిపోతాయి. అందుకే ముదిరిన అరిస్టిడా మొక్క గింజలన్నీ పోయాక కూడా ఎండు రేకులతో పొట్టు పట్టినట్లు కనిపిస్తుంది.

ఇక నాలుగవ అవకాశం, మీసం ఆ గ్లూమ్‌ల కొసల నుంచే రావడం. అలా వచ్చే గడ్డిజాతులు తక్కువ. ఇక్కడ అదే అయితే మన పని చాలా సులువవుతుంది.

కాబట్టి ఇసుకబాట గారూ, మీరు సగం రాలిపోయిన పాత కంకి ఒకటి వెతకండి. నిండు కంకి అందంగా ఉంటుంది గాని ఏమీ చెప్పదు. రాలిన భాగంలో కాడ మీద ఏం మిగిలిందో చూడండి: పోగులా, ఖాళీ రేకులా, ఏమీ లేదా? తరువాత ముదిరిన చిరుకంకిని ఒకదాన్ని వేలితో తడితే మొత్తంగా ఊడి వస్తుందా, ముక్కగా వస్తుందా? చివరిగా, ఊడినదాన్ని పది రెట్ల లెన్సు కింద పెట్టి మీసాలు ఎన్ని ఉన్నాయో, ఏ రేకు కొసన ఉన్నాయో చూడండి.

ఇసుకబాట

ఈ ఉదయం అదే చోటికి వెళ్లి ఆరు మొక్కలను వేర్లతో సహా తవ్వి తెచ్చాను. కొలబద్ద గారు అడిగిన కొలతలు ఇవి. మొక్క ఎత్తు కంకితో కలిపి 14 నుంచి 22 సెంటీమీటర్లు. ఆకు పొడవు 1.5 నుంచి 3 సెంటీమీటర్లు, అత్యధిక వెడల్పు 5 మిల్లీమీటర్లు. కంకి పొడవు 6 నుంచి 9 సెంటీమీటర్లు. చిరుకంకి పొడవు మీసాన్ని విడిచి కొలిస్తే సుమారు 2 మిల్లీమీటర్లు. మీసం 8 నుంచి 10 మిల్లీమీటర్లు. ఆకు మొదలు కాండాన్ని రెండు చెవులతో పట్టుకున్నట్లు హృదయాకారంలో ఉంది. ఆకు అంచు పొడవునా అక్కడక్కడ గట్టి వెంట్రుకలు దువ్వెన పళ్లలా నిలబడి ఉన్నాయి.

సగం రాలిన కంకి సులువుగానే దొరికింది. రాలిన భాగంలో కాడ బోడిగా ఉంది. వేలికి గరుకుగా తగులుతుంది. లెన్సులో చూస్తే చిరుకంకి ఊడిన ప్రతి చోటా చాలా చిన్న మొటిమ లాంటి మొండెం మాత్రమే మిగిలింది. పోగులు లేవు, ఖాళీ రేకులు లేవు. ముదిరిన చిరుకంకిని తడితే మొత్తంగా ఊడి వస్తోంది. అంటే సెటేరియా కాదు, అరిస్టిడా కూడా కాదు అనుకుని సంతోషించాను.

అయితే లెన్సు కింద పెట్టిన మొదటి చిరుకంకికే మూడు మీసాలు కనిపించాయి! రెండవదానికి రెండు, మూడవదానికి మళ్లీ రెండు. మొదటిదాన్ని నాలుగైదు సార్లు తిప్పి తిప్పి చూశాను, మూడే ఉన్నాయి. మూడు మీసాలంటే అరిస్టిడా అని మీరే అన్నారు కదా. ఒకే మొక్కలో కొన్ని చిరుకంకులకు రెండు, కొన్నింటికి మూడు ఉండడం సాధ్యమేనా?

ఎండుపుల్ల

చర్చను మొదటి నుంచీ చదువుతున్నాను. గ్లూమ్‌కు మీసం, చిరుకంకి మొత్తంగా రాలడం అనే రెండు లక్షణాలు కలిసి ఉన్న గడ్డి ఒకటి నాకు బాగా తెలుసు, పాలీపోగాన్ మాన్‌స్పెలియెన్సిస్. దాని కంకి కూడా నక్క తోకలా మెత్తగా, మీసాలతో నిండి ఉంటుంది. అది కూడా ఏకవార్షికమే, అంటే ఒక్క ఏడే బతికేది, ఒక్కోసారి జానెడు ఎత్తులోనే కంకి వేస్తుంది. దాన్ని ఎందుకు పక్కన పెడుతున్నారో అర్థం కాలేదు. ఆకు పొట్టిదైనంత మాత్రాన ప్రజాతిని కొట్టివేయడం తొందరపాటు అవుతుందేమో.

చేతిలెన్సు

ఎండుపుల్ల గారి ప్రశ్న సరైనది, పాలీపోగాన్ పేరు ఈ చర్చలోకి రావలసిందే. కంకిని మాత్రమే చూసేవారు తప్పక పొరపడే జంట ఇది. కాని దాన్ని పక్కన పెట్టడానికి ఆకు పొడవు ఒక్కటే ఆధారం కాదు. ఆకు పత్రదళం, ఆకు తొడుగు కలిసే చోట లోపలి వైపు లిగ్యూల్ అనే చిన్న పొర ఉంటుంది. పాలీపోగాన్‌లో అది తెల్లగా, పల్చగా, లెన్సు అక్కర లేకుండానే కనిపించేంత పొడవుగా నిలబడి ఉంటుంది. ఇసుకబాట గారి మూడవ ఫొటోలో ఆకు కాండం నుంచి వాలిన చోట అలాంటి పొర జాడే లేదు. ఉంటే లెన్సుకు మాత్రమే అందేంత చిన్నదై ఉండాలి. పైగా పాలీపోగాన్ కంకి నిజానికి దగ్గరగా ముడుచుకున్న కొమ్మల గుత్తి. కంకిని వేళ్లతో వంచి విడదీస్తే చిన్న చిన్న కొమ్మలు, వాటి మీద చిరుకంకులు గుంపులుగా కనిపిస్తాయి. ఇక్కడ కాడ మీద మొండేలు ఒక్కొక్కటిగా ఉన్నాయని ఇసుకబాట గారు రాశారు, అంటే ప్రతి చిరుకంకీ నేరుగా కాడకే అతుక్కుని ఉంది. నేల సంగతి కూడా ఉంది. పాలీపోగాన్ తడి ఉన్న చోట, నీటి గుంటల అంచున, చల్లని రోజుల్లో పెరిగే గడ్డి. కానీ నేలను బట్టి పేరు తేల్చడం నాకు ఇష్టం ఉండదు, విత్తనం ఎక్కడైనా పడవచ్చు. అందుకే దాన్ని చివర చెబుతున్నాను.

ఇక మూడు మీసాల సంగతి. అరిస్టిడాలో మూడు మీసాలూ ఒకే బిందువు నుంచి చీలుతాయి. మీ చిరుకంకిలో మూడూ ఒకే చోట కలుస్తున్నాయా, రెండు ఒక చోట, మూడవది పక్కన మరొక చోట పుడుతోందా? ఈ గడ్డి రేకుల వెలుపలి భాగం గరుకుగా ఉంటే రాలిన చిరుకంకులు ఒకదానికొకటి పట్టుకుని విడిపోవు. రెండు చిరుకంకులు అతుక్కుని, వాటిలో ఒకదాని మీసం విరిగిపోతే లెక్కకు మూడే వస్తాయి.

ఇలా చేసి చూడండి. నల్ల కాగితం మీద ఒక నీటి చుక్క వేసి, చిరుకంకిని అందులో ఒకటి రెండు నిమిషాలు నాననివ్వండి. తడిసిన రేకులు మెత్తబడి విరగవు. తరువాత రెండు సన్నని సూదులు తీసుకుని, ఒకదానితో అడుగు భాగాన్ని నొక్కి పట్టి, రెండవదానితో పై నుంచి విడదీయండి. తెల్ల కాగితం వాడవద్దు; లోపల ఉండే లెమ్మా, దానికి ఎదురుగా ఉండే పేలియా అనే రేకు గాజు కాగితంలా పారదర్శకంగా ఉంటే తెలుపు మీద అవి ఉన్నట్లే తెలియదు.

ఇసుకబాట

చేతిలెన్సు గారూ, మీరు చెప్పినట్లే జరిగింది. నీటి చుక్కలో నానిన కాసేపటికే నా మూడు మీసాల చిరుకంకి దానంతట అదే రెండుగా విడిపోయింది. ఒకదానికి రెండు మీసాలూ నిండుగా ఉన్నాయి, రెండవదానికి ఒక మీసం మొదట్లోనే విరిగి ఉంది. అరగంట పాటు నన్ను కూర్చోబెట్టిన మూడవ మీసం కథ ఇది.

తరువాత వేరే మొక్క నుంచి ముదిరిన చిరుకంకి ఒకటి తీసి సూదులతో విప్పాను. వెలుపల రెండు సన్నని రేకులు ఎదురెదురుగా ఉన్నాయి, రెండూ దాదాపు ఒకే పొడవు. ప్రతి రేకు వెన్ను మీదా ఒకే ఒక ఈనె ఉంది, ఆ ఈనే కొసను దాటి సాగి మీసమవుతోంది. రేకుకూ మీసానికీ మధ్య అతుకు అన్నది కనిపించదు. రేకు వీపు మీద చిన్న చిన్న ముళ్లు ఉన్నాయి. గరుకుతనం వాటిదే. ఈ రెండింటినీ పక్కకు తీస్తే లోపల మరో పొర చాలా పల్చగా, రంగు లేకుండా, మీసం లేకుండా, పై రేకుల కంటే పొట్టిగా ఉంది. నల్ల కాగితం లేకపోతే నిజంగానే నేను దాన్ని చూసి ఉండేవాడిని కాదు. దాని లోపల సన్నని, పొడవైన ఒకే గింజ. చిరుకంకికి ఒకటే గింజ.

లిగ్యూల్ కూడా చూశాను. ఆకును వెనక్కి వంచి లెన్సు పెడితే చాలా పొట్టి పొర అంచు మాత్రమే కనిపించింది.

గరికపోచ

సెటేరియా అన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. కొసరుగా ఒక ప్రశ్న. అంచున దువ్వెన పళ్ల వెంట్రుకలున్న పొట్టి, వెడల్పాటి ఆకు అనగానే నాకు ట్రాగస్ గుర్తుకు వస్తోంది. అదీ చిన్న ఏకవార్షికమే, అదీ పొడి ఇసుక నేలల్లోనే పెరుగుతుంది, దాని కంకి కూడా కాడ చుట్టూ అల్లుకున్నట్లు గుండ్రంగానే ఉంటుంది. దాన్ని ఎలా తోసిపుచ్చాలి?

చేతిలెన్సు

కంకి వేయని మొక్కలు రెండూ పక్కపక్కన ఉంటే ట్రాగస్‌నూ దీన్నీ వేరు చేయడం నాకూ కష్టమే. కంకి వచ్చాక మాత్రం సందేహానికి చోటు లేదు. ట్రాగస్‌లో మీసాలు ఉండవు. అక్కడ పై గ్లూమ్ వీపు మీద కొక్కేల్లా వంగిన ముళ్లు వరుసలుగా ఉంటాయి, కింది గ్లూమ్ ఉందా లేదా అన్నంత చిన్నది. రెండు మూడు చిరుకంకులు కలిసి ఒక ముళ్ల కాయలా తయారై, బట్టకు అంటుకుని వస్తాయి. ఇసుకబాట గారి గడ్డిలో రెండు గ్లూమ్‌లూ సమానం, రెండింటికీ పొడవైన మీసాలు, చిరుకంకులు ఒక్కొక్కటిగానే రాలుతున్నాయి.

ఒకే పుష్పకం ఉన్న చిరుకంకి, నేరుగా కాడకు అతుకు, ఒకే ఈనె గల సమాన గ్లూమ్‌లు, వాటి కొసల నుంచే మీసాలు, వాటి కంటే పొట్టిగా పారదర్శకమైన లెమ్మా, మొత్తంగా రాలే చిరుకంకి, హృదయాకారపు మొదలున్న పొట్టి ఆకు. ఇన్ని లక్షణాలు కలిసి వచ్చే ప్రజాతి నాకు తెలిసి ఒక్కటే: పెరోటిస్. జాతి విషయంలో నా మొగ్గు పెరోటిస్ ఇండికా వైపు.

ఈ గడ్డికి పేరు కుదిరిన తీరు కూడా మన చర్చ లాగే మలుపులు తిరిగింది. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనికి ఆంథోగ్జాంథం ఇండికం అని పేరు పెట్టాడు, అంటే దీన్ని పూర్తిగా వేరే ప్రజాతిలో చేర్చాడు. విలియం ఐటన్ 1789లో పెరోటిస్ అనే కొత్త ప్రజాతిని ఏర్పరచి, ఇదే గడ్డిని పెరోటిస్ లాటిఫోలియా అన్నాడు. లాటిఫోలియా అంటే వెడల్పాటి ఆకులు గలది. ఇసుకబాట గారు మొట్టమొదట ఎక్కడ తడబడ్డారో ఐటన్ కన్ను కూడా అక్కడే ఆగినట్టుంది. లిన్నేయస్ వాడిన ఇండికం అన్న పదం ముందుది కాబట్టి, 1891లో ఒట్టో కుంట్జే ఆ పదాన్నీ ఐటన్ ప్రజాతినీ కలిపి పెరోటిస్ ఇండికా అని మార్చాడు. పాత పుస్తకాల్లో లాటిఫోలియా అని కనిపిస్తే కంగారు పడకండి, మొక్క ఇదే.

స్వదేశీయమా అన్న ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది. భారతదేశం, శ్రీలంక, అక్కడి నుంచి తూర్పుగా ఆగ్నేయాసియా, దక్షిణ చైనా వరకు ఇది సహజంగా పెరిగే గడ్డి. దీన్ని ఎవరూ తెచ్చి నాటలేదు.

కొలబద్ద

పెరోటిస్ అన్నంత వరకు నాకు అభ్యంతరం లేదు. అయితే చర్చ మొదటి నుంచీ ఏకవార్షికం అన్న మాటను అందరం ఒప్పుకుని నడుస్తున్నాం, దాన్ని ఎవరూ పరీక్షించలేదు. మొదటి ఫొటోను పెద్దది చేసి చూస్తే, నేల మీదికి వాలిన కాండానికి కింది కణుపు దగ్గర రెండు మూడు వేర్లు దిగినట్లు కనిపిస్తోంది. కణుపు దగ్గర వేరు పోసుకుంటూ పాకే గడ్డిని మామూలుగా బహువార్షికం అంటాం. గరిక అలాగే పాకుతుంది. ఇసుక తీరాల్లో రావణాసురుడి మీసాలని పిలిచే ముళ్ల గడ్డి కూడా అలాగే పాకుతుంది. కాబట్టి వేర్ల భాగం చూడకుండా ఏకవార్షికం అని రాసుకోవడం నాకు సమ్మతం కాదు.

ఇసుకబాట

తెచ్చిన ఆరు మొక్కల అడుగు భాగాలను ఈ రోజు కడిగి చూశాను. కడగక ముందు ఒక విచిత్రం కనిపించింది. మొక్కను ఇసుకలో నుంచి ఎత్తి దులిపినా వేర్ల చుట్టూ ఇసుక రేణువులు తొడుగులా అంటుకునే ఉన్నాయి. ఒక్కో వేరు ఇసుకతో చేసిన దారంలా ఉంది. వేలితో నిమిరితే కొంత రాలింది గాని పూర్తిగా వదలలేదు, నీళ్లలో నానబెట్టాక వదిలింది.

కడిగాక కనిపించినవి ఇవి. వేర్లు సన్నని పీచు వేర్లు, లోతుకు పోలేదు. నేల లోపల పాకే దుంప కాండం ఒక్క మొక్కకూ లేదు. పోయిన ఏటి ఎండు కాండాల మొదళ్లు గాని, పాత ఆకు తొడుగుల చీలికలు గాని ఎక్కడా లేవు. ఒక్కో మొక్కకు మూడు నుంచి ఏడు పిలకలున్నాయి, చిన్నవాటితో సహా ప్రతి పిలకకూ కంకి వచ్చింది. కొలబద్ద గారు చెప్పిన కణుపు వేర్లు ఆరింటిలో రెండు మొక్కలకు ఉన్నాయి. అవి కూడా ఇసుక కప్పేసిన కణుపుల దగ్గరే ఉన్నాయి, గాలికి తేలి ఉన్న కణుపుల దగ్గర లేవు.

కొలబద్ద

ఇంత వివరంగా చూసినందుకు ధన్యవాదాలు. పిలకలన్నీ కంకి వేయడం గట్టి సాక్ష్యం. వచ్చే ఏడు కూడా బతకవలసిన గడ్డి కొన్ని పిలకలను కంకి లేకుండా ఆకులతోనే ఉంచుకుంటుంది. ఉన్నదంతా గింజకే ఖర్చు పెట్టిందంటే ఈ మొక్కకు రేపటి ఆలోచన లేదు. కదిలే ఇసుక కాండాన్ని కప్పినప్పుడు కణుపు వేరు పోసుకోవడం కూడా అర్థమవుతుంది. నా అభ్యంతరాన్ని ఈ ఆరు మొక్కల మేరకు విరమించుకుంటున్నాను. ఆరు మొక్కల మేరకు అని ఎందుకు అంటున్నానంటే, ఈ జాతిని వర్ణించినవారిలో కొందరు ఏకవార్షికం, అరుదుగా అల్పాయుష్షు గల బహువార్షికం అని రాశారు. తేమ నిలిచే చోట ఇదే గడ్డి రెండవ ఏడుకు సాగితే నేను ఆశ్చర్యపోను.

ఎండుపుల్ల

వేర్లకు అంటుకున్న ఇసుక విచిత్రం కాదండీ, ఇసుక నేలల గడ్డిజాతులు చాలావాటిలో అది కనిపిస్తుంది. వేరు నూగు, వేరు వదిలే జిగురు కలిసి రేణువులను పట్టి ఉంచుతాయి. త్వరగా ఆరిపోయే నేలలో వేరు పైచర్మం ఎండిపోకుండా ఆ తొడుగు కాపాడుతుంది. హెర్బేరియం పత్రం, అంటే మొక్కను నొక్కి ఎండబెట్టి అంటించే కాగితం, తయారుచేసేటప్పుడు కనీసం ఒక మొక్కను కడగకుండా ఆ తొడుగుతోనే ఉంచండి.

ఇక నా సందేహం జాతి గురించి. పెరోటిస్ హార్డియిఫార్మిస్ అనే మరో జాతి కూడా ఉంది కదా. బార్లీ కంకిని పోలినది అని ఆ పేరుకు అర్థం. ఇండికా అని ఏ ధైర్యంతో అంటున్నారు?

చేతిలెన్సు

పూర్తి ధైర్యంతో అనడం లేదు, అందుకే మొగ్గు అన్నాను. ఆ రెండూ బాగా దగ్గరివి. హార్డియిఫార్మిస్‌లో ఆకు సన్నగా సాగి ఉంటుంది, చిరుకంకి కాస్త పొడవైనది. ఇండికాలో ఆకు పొట్టిగా, మొదట్లో వెడల్పుగా ఉంటుంది, చిరుకంకి పొట్టిది. ఇసుకబాట గారి కొలతల్లో మీసాన్ని విడిచిన చిరుకంకి 2 మిల్లీమీటర్లు, ఆకు వెడల్పు 5 మిల్లీమీటర్లు. ఈ రెండూ ఇండికా వైపే చూపిస్తున్నాయి. రాబర్ట్ బ్రౌన్ 1810లో వర్ణించిన పెరోటిస్ రారా ఆస్ట్రేలియాలో కనిపించేది. దాని మీసాలు ఇంకా పొడవు, చిరుకంకులు కాడ మీద ఎడం ఎడంగా ఉంటాయి. రారా అన్న పదానికి అర్థమే పలుచన అని. ఆఫ్రికాలో పెరోటిస్ పేటెన్స్ ఉంది. ఆ రెండింటినీ ఇక్కడ పట్టించుకోనక్కర లేదు.

అయితే ఒక్క చిరుకంకిని కొలిచి జాతిని తేల్చకూడదు. కంకి కొసన ఉండేవి తరచుగా చిన్నవి, అడుగునవి పెద్దవి. ఆరు మొక్కల్లోనూ కంకి నడిమి భాగం నుంచి అయిదేసి చిరుకంకులు తీసి, మొత్తం ముప్పయింటినీ కొలిచి, అతి చిన్న కొలత, అతి పెద్ద కొలత రెండూ రాయండి. ఆకులు కూడా కంకికి దగ్గరివి కాకుండా కాండం నడుమ ఉన్నవే కొలవండి. పై ఆకు ఎప్పుడూ కురచగా ఉండి మోసం చేస్తుంది.

గరికపోచ

పత్రం తయారుచేసే మాట వచ్చింది కాబట్టి ఒక సూచన. ఈ గడ్డి ఆరుతున్న కొద్దీ చిరుకంకులు రాలిపోతాయి, నెలలు గడిచాక పత్రం మీద బోడి కాడ మాత్రమే మిగులుతుంది. కాబట్టి ముదిరిన కంకితో పాటు, ఇంకా ఆకు తొడుగు నుంచి అప్పుడప్పుడే బయటికి వస్తున్న లేత కంకి ఉన్న మొక్కను కూడా వార్తాపత్రికల నడుమ పెట్టి నొక్కండి. రాలినవాటిని పారేయకుండా చిన్న కాగితపు పొట్లంలో వేసి పత్రానికి అంటించండి. ఊదారంగు కూడా ఎండాక వెలిసిపోతుంది. మీసాల రంగును ఈ రోజే చీటీలో రాసి పెట్టుకోండి.

ఇసుకబాట

ముప్పయి చిరుకంకులనూ కొలిచాను. మీసం విడిచి అతి చిన్నది 1.7, అతి పెద్దది 2.3 మిల్లీమీటర్లు. నడిమి ఆకుల వెడల్పు 4 నుంచి 6 మిల్లీమీటర్లు. వాటిలో ఏడు చిరుకంకులకు కనీసం ఒక మీసం విరిగి ఉంది, నాలుగు జంటలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. నీటి చుక్క లేకపోతే నేను మళ్లీ మూడు మీసాల దగ్గరే ఉండేవాడిని.

చీటీ మీద పెరోటిస్ ఇండికా అని రాశాను. కింద నేల రకం, కణుపు వేర్ల సంగతి, పిలకల లెక్క, మీసాల రంగు రాశాను. ఒక మొక్కను వేర్ల ఇసుకతోనే నొక్కి పెట్టాను. తవ్వకుండా అక్కడే వదిలిన మరో రెండు మొక్కల గింజలను అవి ఉన్న చోటే రాలనిచ్చి, ఆ జాగా చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి వచ్చాను. వానలు పడ్డాక అక్కడ పాత మొదలు నుంచి చిగురు వస్తుందో, గింజ నుంచి మొలక వస్తుందో చూసి కొలబద్ద గారికి ఇక్కడే తెలియజేస్తాను.

కొలబద్ద

మొలక వస్తే మొదటి ఆకు వెడల్పు కూడా కొలవండి.